లిడియా పోయిన కబురు

సూర్యకుమారి గారి చెయ్యి మంచిదని సింగపూర్‌లోని మా హౌగాంగ్‌లో పేరు. ఆవిడ మొదటి పోటు వేస్తే తప్ప ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో పెళ్ళి పసుపు కొట్టడం మొదలవదు. ఆవిడ చేత్తో మొదలైన కాపురాలన్నీ నిలిచాయని మా ఆవిడ నిఖిల సాక్ష్యం చెబుతుంది. నిలవనిది ఒకటుందని నేను గుర్తుచేస్తే, "ఆ రోజు ఆంటీకి జ్వరం, రోకలి ఎడమచేత్తో పట్టుకున్నారు" అంటుంది. ఇలాంటి సాక్షి దొరికితే ఎవరి చెయ్యైనా మంచిదే అవుతుంది.

ఆవిడ నాకు కూడా ఆంటీయే. నాకు యాభై దగ్గరపడుతోంది. లిఫ్టులో నేను "గుడ్ మార్నింగ్ ఆంటీ" అన్నప్పుడల్లా, కొత్తగా ఉద్యోగాలకొచ్చిన కుర్రాళ్ళు నా బట్టతల వైపు చూసి నవ్వు ఆపుకుంటూ అంతస్తుల అంకెలు లెక్కపెడతారు.

సూర్యకుమారి గారి పుట్టిల్లు కాకినాడ. భర్త కృష్ణప్రసాద్ గారు జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. మాట తక్కువ, ఆకలి ఎక్కువ మనిషి. కొడుకు, కోడలు ఆమని, బడికెళ్ళే మనవరాలు ఉజ్వల అంతా ఒకే ఫ్లాట్. వీళ్ళు కాక ఆవిడ పెంచిన పిల్లలు బ్లాకులో చాలామంది ఉన్నారు. అందులో ముద్దుల బిడ్డ అరుణ. వాళ్ళమ్మ తారాదేవి బ్యాంకు నుంచి ఇల్లు చేరేదాకా ఆ పిల్ల ఈవిడ ఇంట్లోనే పెరుగన్నం తిని, ఈవిడ సోఫా మీదే లెక్కలు చేసి, ఆ లెక్కల మీదే నిద్రపోయేది.

ఆ అరుణకి ఈ మాఘంలో పెళ్ళి కుదిరింది. ఆదివారం పసుపు కొట్టాలి. సూర్యకుమారి గారు నెల ముందు నుంచే భుజానికి నొప్పుల నూనె రాసుకుంటూ, "దాని పసుపొక్కటి నా చేత్తో కొట్టాక, ఈ భుజం పనిచేసినా ఒకటే, మానేసినా ఒకటే" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పారు.

ఇక ఆవిడకున్న రెండో సంసారం గురించి చెప్పాలి.

అమెరికాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళు, వెల్‌బర్న్ అనే పాతకాలపు గొప్ప కుటుంబం దాచుకున్న కాగితాలన్నిటికీ ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆ వెల్‌బర్న్‌లకి ఓడలుండేవి, నూలు మిల్లులుండేవి, చట్టసభలో కూర్చునే బాబాయి ఒకాయన ఉండేవాడు. కాగితం పారేసే అలవాటు మాత్రం వాళ్ళ వంశంలోనే లేదు. ఉత్తరాలు, పెళ్ళిపిలుపులు, చాకలి పద్దులు, పిల్లల కాపీరాతలు అన్నీ పెట్టెల్లో పెట్టి తాళాలేశారు. ఆ రాత చదవగలిగినవాళ్ళు ఏ దేశంలో ఉన్నా సరే, ఒక్కో పేజీ తెరిచి అందులో ఉన్నది ఉన్నట్టు టైపు చేసి పెట్టొచ్చు. జీతం లేదు, మొహమాటం లేదు.

అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద కూర్చున్న రోజుల్లో ఆమని ఈ దారి చూపించింది. ఆ పిల్ల తెలివైనది. అత్తగారిని ఊరికే కూర్చోబెడితే తను వండిన కూరల గురించి ఆలోచిస్తుందని దాని భయం.

మొట్టమొదట తెరిచిన పేజీలోనే సింగపూర్ కనిపించిందిట. ఎడ్విన్ వెల్‌బర్న్ అనే ఆయన ఇక్కడి రేవులో లంగరేసిన ఓడలో కూర్చుని, భార్య లిడియాకి రాశాడు: ఎండ భరించలేకపోతున్నాను, అనాసపళ్ళు అమృతంలా ఉన్నాయి, ఎలుకలు మన ఇంటి పిల్లి అంత ఉన్నాయి. "అవి మన మార్కెట్ వెనక ఎలుకలే!" అని సూర్యకుమారి గారు కేకేశారుట. అంతే, చుట్టరికం కలిసిపోయింది.

అప్పటినుంచి మూడేళ్ళుగా పొద్దున్నే దీపం పెట్టుకోవడం, కాఫీ తాగడం, వెల్‌బర్న్‌ల ఇంటికి వెళ్ళడం. అక్కడ ఒకరు తెరిచిన పేజీని వాళ్ళు వదిలేదాకా ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. హాకర్ సెంటర్లో తినడానికి వెళ్ళి బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి సీటు చోప్ చేసుకుంటామే, ఆవిడ అలాగే లిడియా ఉత్తరం ఒకటి తెరిచిపెట్టి, "చోప్ చేసి వచ్చాను, ఎవరూ తీసుకోలేరు" అని నింపాదిగా చారు కాచుకునేవారు.

ఇదంతా మా అందరికీ వివరంగా తెలుసనుకుంటే పొరపాటు. మాకు తెలిసింది ఆవిడ మాటలే. వినాయకచవితికో, పిల్లల పుట్టినరోజుకో కలిసినప్పుడు ఆవిడ కబుర్లిలా ఉండేవి.

"మా హారియట్ మళ్ళీ మొదలెట్టిందండీ."

"ఈసారి దేనికిట?"

"లిడియా పరదాలు కొందిట. అన్నకి ఫిర్యాదు. ఓడ దిగకుండానే ఆయన చేతికి ఉత్తరం."

"ఆడపడుచంటే అంతేనండీ."

కుటుంబ తగాదాకి తారీకు ఎవరడుగుతారు? మసాచుసెట్స్‌లో ఈవిడకి ఎవరో దగ్గరవాళ్ళున్నారనీ, వాళ్ళింట్లో తెల్ల కోడలు ఉందనీ మేం నిశ్చింతగా అనుకున్నాం. ఓడ దగ్గర కాస్త అనుమానం రావాల్సింది. ఎడ్విన్ మర్చంట్ నేవీ అని మా నిఖిల తేల్చేసింది.

ఆ మంగళవారం పొద్దున తారాదేవి గారు కాఫీ షాపులో సూర్యకుమారి గారిని చూశారు. జుట్టు తడిగా ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏంటండీ, ఒంట్లో బాగాలేదా?"

"మా లిడియా పోయిందండీ. ఇందాకే తెలిసింది."

"అయ్యో! ఎవరూ, ఆ పరదాల అమ్మాయేనా?"

"అదే. పెద్దాయన సైలస్ గారి కోడలు. బంగారంలాంటి పిల్ల."

తారాదేవి గారు మంచి మనిషి. మంచివాళ్ళ చేతుల్లో ఫోన్ ఉంటే కబురు ఆగదు. రైలెక్కేలోపే మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు: సూర్యకుమారి గారి దగ్గరి బంధువు అమెరికాలో స్వర్గస్థులైనారు. వన్-నార్త్ పేటలో ఉన్న మా ఆఫీసులో మీటింగు మధ్య నా ఫోన్ దణ్ణాలతో నిండిపోయింది. మధ్యాహ్నానికి రెండో సందేశం వచ్చింది: మైల కనుక ఆదివారం సూర్యకుమారి గారు రాలేరు, మొదటి పోటు ఎవరు వేస్తారో తెలియజేయగలరు.

పొద్దున దణ్ణాలు పెట్టినవాళ్ళలో సగంమంది ఇప్పుడు "నేను రెడీ" అన్నారు.

గురువారం సాయంత్రం పరామర్శకి వెళ్ళాం: నేను, నిఖిల, తారాదేవి గారు. పరామర్శకి ఏమీ తీసుకెళ్ళకూడదని నిఖిల చెప్పింది. వట్టి చేతులతో వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు. కింద దుకాణంలో కమలాపళ్ళు కొన్నాను. చైనీస్ న్యూ ఇయర్ అయిపోయాక మిగిలిన సరుకు. సంచీకి ఎర్ర రిబ్బను, దాని మీద బంగారు అక్షరాలతో సకల శుభాలూ కలగాలని రాసి ఉందని లిఫ్టెక్కాక గమనించాను. రిబ్బను విప్పబోతే ముడి బిగిసింది. ఆరో అంతస్తు వచ్చేసింది.

కృష్ణప్రసాద్ గారు తలుపు తీసి, శుభాకాంక్షలు అందుకుని, ఫ్రిజ్‌లో పెట్టారు.

సూర్యకుమారి గారు సోఫాలో కూర్చుని ఉన్నారు. పక్కన తెరిచిన లాప్‌టాప్‌లో నలుపు తెలుపు ఫొటో. సన్నటి ముఖం, మధ్య పాపిడి, మెడదాకా బొత్తాలు. నేను దానికి దణ్ణం పెట్టాను.

"వయసెంతండీ?" తారాదేవి గారు మెల్లిగా మొదలెట్టారు.

"ముప్ఫై నాలుగు."

"అయ్యయ్యో. పిల్లలు?"

"ఇద్దరు. చిన్నదానికి తల్లి ముఖం కూడా గుర్తుండదు."

"జబ్బేమిటండీ?"

"ఛాతీ. చలికాలం దాటదనుకున్నారు, దాటింది. మార్చిలో ప్రాణం మీదికొచ్చింది."

"అక్కడ పెద్ద పెద్ద డాక్టర్లుంటారు కదండీ. ఏమీ చెయ్యలేకపోయారా?"

"ఏం డాక్టర్లు! జలగలు పట్టించారు."

తారాదేవి గారు నిఖిల వైపు, నిఖిల నా వైపు చూశారు. ఏదో ఒకటి అనాలి కదా అని నేనే అన్నాను.

"ఇన్సూరెన్సు లేదేమోనండీ. అమెరికాలో లేకపోతే చాలా కష్టం."

నిఖిల నా కాలు తొక్కింది. ఎందుకు తొక్కిందో తనకీ తెలియదు, అలవాటు.

అప్పుడే ఉజ్వల బడి సంచీతో లోపలికొచ్చింది. మా ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగింది.

"వై ఎవ్రీబడీ సో శాడ్? హూ డైడ్?"

"లిడియా ఆంటీ అమ్మా," అన్నారు తారాదేవి గారు, ఆ పిల్లని దగ్గరికి తీసుకోబోతూ.

"లిడియా? బట్ షీ డైడ్ ఇన్ ఎయిటీన్ ఫిఫ్టీ ఫోర్, లా!"

ఇక్కడి బడిపిల్లల యాసలో చెప్పి, ఫ్రిజ్ తెరిచి, నా కమలాపండు ఒకటి తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

తర్వాత ఆ గదిలో జరిగింది పరామర్శల చరిత్రలో జరిగి ఉండదు. మొదట తారాదేవి గారి భుజాలు కదిలాయి. తర్వాత నిఖిల కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఫొటో వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను, ఇన్సూరెన్సు గుర్తొచ్చింది, ఇక ఆగలేకపోయాను. సూర్యకుమారి గారు ఆశ్చర్యంగా చూశారు.

"అదేంటీ, మీకు తెలీదా? ఎన్నిసార్లు చెప్పానూ!"

"అన్నీ చెప్పారండీ, శతాబ్దం ఒక్కటీ చెప్పలేదు," అన్నారు తారాదేవి గారు కళ్ళు తుడుచుకుంటూ. "అమ్మయ్య! నా ప్రాణం లేచొచ్చింది. మీరు లేరనేసరికి అరుణ రెండు రోజుల్నుంచి నాతో మాట్లాడటంలేదు. ఇప్పుడే గ్రూపులో పెట్టేస్తా. ఆగండి, ముందు మా అత్తగారికి చెప్పాలి."

వాళ్ళత్తగారు తెనాలిలో ఉంటారు. ఎనభై దాటినా ఈ బ్లాకులో ఎవరింట ఏం జరిగినా వీడియో కాల్‌లో హాజరు. విషయమంతా విని ఆవిడ నవ్వలేదు.

"బాగానే ఉంది. కానీ నలుగురి నోటా మైల అన్న మాట పడిపోయింది. శుభకార్యం. ఆ సూర్యకుమారిని తన నోటితో ఒక్క మాట అనమను, ఆ పోయినవాళ్ళు మావాళ్ళు కారూ, మాకేం సంబంధం లేదూ అని. నేను వింటా. అప్పుడు రోకలి పట్టుకోమను."

"అంతేగా!" తారాదేవి గారు ఫోన్ ఇటు తిప్పారు. "అనేయండి, ఆంటీ."

సూర్యకుమారి గారు లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు. ఫొటో వైపు చూశారు.

"నేనలా అనలేనండీ," అన్నారు.

"నిజమే కదండీ అది!"

"నిజమే. నాకు తెలీదా? పిచ్చిదాన్నా? కానీ తారా, దాని చిన్నప్పటి కాపీరాతల దగ్గర్నుంచి చూశాను. పెళ్ళి గౌను కొలతలు చూశాను. మొగుడు ఓడెక్కిన రోజున సిరా మీద కన్నీళ్ళు పడి అలుక్కుపోతే, ఆ మాటలేమిటో చదవడానికి నేను రెండు పూటలు కూర్చున్నాను. ఇంతా చేసి, పసుపు కొట్టే ముచ్చట కోసం ఎవరో నాకు తెలీదంటే, మనింట్లో అన్నం తిన్న మనిషిని బజార్లో గుర్తుపట్టనట్టుండదూ?"

"మరి అరుణో?"

ఆ మాటకి ఆవిడ కళ్ళు మళ్ళీ నిండాయి. "అరుణ కోసం ప్రాణమైనా ఇస్తా. ఈ మాటొక్కటీ అడక్కు."

"అక్కడ అత్తగారు, ఇక్కడ మీరు, ఇంట్లో అది. రోకలి కింద పసుపుకొమ్మునైపోయాను," అంటూ తారాదేవి గారు సోఫాలో కూలబడ్డారు.

కృష్ణప్రసాద్ గారు అప్పుడు మొదటిసారి గొంతు సవరించుకున్నారు. "మంగళవారం నుంచి మా ఇంట్లో పోపు లేదు. పప్పులో లేదు, చారులో లేదు. మా మేనత్త పోయినప్పుడు కూడా ఇంత పట్టింపు లేదు. ఎవరైనా ఏదైనా చెయ్యండి."

ఇక పెద్దమనిషి తరహాగా లేచి వెళ్ళిపోవడమే మంచిదనిపించింది నాకు. గుమ్మం దగ్గర, అలవాటు చొప్పున, "వెళ్ళొస్తామండీ" అనేశాను. పరామర్శ ఇంట్లో అనకూడని మాట అదొక్కటే. నిఖిల నుదురు కొట్టుకుంది.

"అంటే మళ్ళీ వస్తారన్నమాట, ఇంకెవరైనా పోతే," అన్నారు కృష్ణప్రసాద్ గారు.

ఆ సిగ్గులోనే నాకు ఆలోచన వచ్చింది. మనుషులకి ఆలోచనలు ఎక్కడ వస్తాయో గానీ నాకు మాత్రం పరువు పోయిన చోటే వస్తాయి. "అనంతరామయ్య గారిని అడిగితే?" అన్నాను.

అనంతరామయ్య గారు వారమంతా ఒక కంపెనీలో లెక్కలు చూస్తారు. శని ఆదివారాలు మాకు పురోహితులు. పెళ్ళి చేయించేది ఆయనే. శాస్త్రాన్ని కూడా ఆడిటింగులాగే చూస్తారు. వివరాలు ముందు, అభిప్రాయం తర్వాత. స్పీకర్ ఆన్ చేసి ఫోన్ టీపాయ్ మీద పెట్టాం. తెనాలి అత్తగారి ఫోన్ దాని పక్కనే నీళ్ళ చెంబుకి ఆనించాం.

"ఎవరు పోయారమ్మా?"

"లిడియా అండీ. అమెరికాలో."

"గోత్రం?"

సూర్యకుమారి గారు తడబడ్డారు. "వెల్‌బర్న్," అన్నారు కృష్ణప్రసాద్ గారు.

"ఎప్పుడూ వినలేదే. సరే. పోయిందెప్పుడు?"

"మార్చి నెలలోనండీ. పద్దెనిమిది వందల యాభై నాలుగు."

లైను తెగిందేమో అనుకున్నాం. వెనక టీవీ సీరియల్ వినిపిస్తోంది కనక తెగలేదు.

"కబురు అందిందెప్పుడు?"

"మొన్న మంగళవారం."

"ఊఁ. కొంచెం ఆలస్యమైంది," అన్నారాయన. ఆ గొంతులో నవ్వుందో లేదో ఇప్పటికీ చెప్పలేను. "చూడమ్మా. దూరదేశంలో పోయినవాళ్ళ కబురు వెంటనే తెలిస్తే ఒక లెక్క, కొన్నాళ్ళకి తెలిస్తే ఒక లెక్క. ఏడాది దాటాక తెలిస్తే మాత్రం తలస్నానంతో సరి. నీకు ఏడాది దాటిందా?"

"దాటిందండీ!" అన్నాం అందరం.

"మరి ఆవిడ మా మనిషి కాదని నన్ను అనమంటున్నారండీ," సూర్యకుమారి గారు ఫోన్ దగ్గరికి జరిగారు.

"ఎందుకూ? అవుననే అనుకో. అవునన్నా స్నానమే. చేశావా?"

"విన్న వెంటనే చేశానండీ. దాని కోసమే చేశాను."

"అయితే మంగళవారమే అయిపోయింది. దీపం పెట్టుకో. ఆదివారం మొదటి పోటు నువ్వే వెయ్యి."

తెనాలి ఫోనులోంచి, "అనంతరామయ్య చెప్పాడుగా, ఇంకేం," అని వినిపించింది. తారాదేవి గారు సూర్యకుమారి గారిని కౌగిలించుకున్నారు. ఈ సందట్లో కృష్ణప్రసాద్ గారు ఫోన్ దగ్గరికి వంగారు.

"పంతులుగారూ, పోపు పెట్టొచ్చా?"

"ఎవరది? కృష్ణప్రసాద్ గారా? పెట్టించుకోండి బాబూ. ఇంగువ కూడా వెయ్యమనండి."

ఆదివారం పొద్దున బ్లాకు కింద ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో చేరాం. ఫ్లాట్‌లో దంచితే కింది ఇంటివాళ్ళ గోడ మీది గడియారం ఊడిపడుతుందని, ఎప్పుడూ పసుపు అక్కడే. రోలు కింద పాత పరుపు మడిచి వేశాం. రోకళ్ళకి పసుపు గుడ్డలో మామిడాకులు చుట్టారు. ఐదుగురు ముత్తయిదువలు నిలబడ్డారు. గ్రూపులో "నేను రెడీ" అన్నవాళ్ళంతా కాస్త దూరంగా, ఫొటోలు తీసే పనిలో చాలా శ్రద్ధగా ఉన్నారు. అరుణ వచ్చి సూర్యకుమారి గారి భుజం కాసేపు నొక్కింది. ఆ భుజమే, నూనె రాసిన భుజం.

స్టూలు మీద నిలబెట్టిన ఫోన్‌లోంచి తెనాలి అత్తగారు అన్నీ చూస్తున్నారు. సూర్యకుమారి గారు రోకలి ఎత్తబోతుండగా ఆవిడ పిలిచారు.

"ఇదిగో సూర్యకుమారీ! రాత్రంతా ఆలోచించా. ఆ ఆడపడుచు అన్నదాంట్లో తప్పేముందమ్మా? మొగుడు సముద్రం మీద కష్టపడుతుంటే, ఇంట్లో కూర్చుని కొత్త పరదాలు కొంటుందా ఆ పిల్ల?"

సూర్యకుమారి గారు రోకలి తలపైదాకా ఎత్తారు.

"పిన్నిగారూ, మా లిడియాని మాత్రం మీరేమీ అనకండి. చలిగాలికి పిల్లలు దగ్గుతుంటే కొంది పరదాలు."

ఆ "మా" అన్న మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. రోకలి దిగింది. దిగిన ఊపుకి పసుపు ముక్కొకటి ఎగిరి నా తెల్ల చొక్కా జేబు మీద పడింది.

"అదా సంగతి! ముందే చెప్పొద్దూ," అన్నారు తెనాలి అత్తగారు. "మరి పిల్లల్ని తర్వాత ఎవరు చూశారూ?"

"హారియట్టేనండీ. తన దగ్గరికే తీసుకెళ్ళింది ఇద్దర్నీ."

"చూశావా! చివరికి ఆడపడుచే అక్కరకొచ్చింది."

రోకళ్ళు ఆగిపోయాయి. ముత్తయిదువలు ఐదుగురూ వాటికి గడ్డాలానించి నిలబడ్డారు. అరుణ నేల మీదే చతికిలబడింది, చిన్నప్పటిలాగే. తారాదేవి గారు వాచీ చూసుకుని, "ముహూర్తం దాటిపోతుందమ్మా, దంచుతూ వినండి, దంచుతూ," అని మొత్తుకున్నారు. కాసేపటికి ఆవిడే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.